మెయిల్ యాప్ సర్వర్‌కి కనెక్ట్ కావట్లేదా? పాస్‌వర్డ్ మార్చే ముందు ఎక్కడ ఆగిందో చూడండి

ఫోన్‌లో యూట్యూబ్ ఆగకుండా ఆడుతోంది. వాట్సాప్ మెసేజ్‌లు పోతున్నాయి, వస్తున్నాయి. మెయిల్ యాప్ ఓపెన్ చేస్తే మాత్రం "సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోయాం" అని ఎర్ర అక్షరాలు. ఇలాంటప్పుడు మనలో ఎక్కువమంది చేసేది ఒకటే: పాస్‌వర్డ్ మళ్లీ కొట్టడం. పని కాకపోతే పాస్‌వర్డ్ మార్చేయడం. అప్పటికీ కాకపోతే అకౌంట్ మొత్తం తీసేసి మళ్లీ యాడ్ చేయడం. ఈలోపు ఇంటర్వ్యూకి వస్తామంటూ రాసిన రిప్లై ఔట్‌బాక్స్‌లోనే కూర్చుని ఉంటుంది. మనం పంపేశాం అనుకుంటాం, అవతలివాళ్లు మనకి ఇంట్రెస్ట్ లేదనుకుంటారు.

అసలు విషయం ఏంటంటే, "కనెక్ట్ కాలేదు" అనే ఒక్క మాట వెనక ఐదు వేర్వేరు పనులున్నాయి. ముందు సర్వర్ పేరుని బట్టి దాని అడ్రస్ కనుక్కోవాలి. ఆ అడ్రస్ దగ్గర సరైన పోర్ట్‌ని తట్టాలి. తర్వాత ఎన్‌క్రిప్షన్ కుదరాలి. ఆ తర్వాతే లాగిన్. చివరికి మెయిళ్లు దిగడం, ఎక్కడం. పాస్‌వర్డ్ వంతు నాలుగోది. మొదటి మూడింటిలో ఎక్కడో ఆగితే మీరు పాస్‌వర్డ్ వందసార్లు కొట్టినా సర్వర్ దాన్ని చూడను కూడా చూడదు.

ఇది కళ్లకి కట్టాలంటే కీసర టోల్ ప్లాజాని గుర్తు తెచ్చుకోండి. విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సెక్కినవాళ్లలో దాన్ని చూడనివాళ్లు ఉండరు. 65వ నంబర్ జాతీయ రహదారి మీద కంచికచర్ల దాటాక వస్తుంది, ఆ తర్వాత నందిగామ, జగ్గయ్యపేట. అసలు ఆ రోడ్డు ఎక్కడుందో తెలియాలి, అది పేరు వెతకడం. మీ బండికి తగిన లేన్‌లోకి వెళ్లాలి, అది పోర్ట్. ఫాస్టాగ్ స్కాన్ కావాలి, అది లాగిన్. 2023 జులై చివర్లో మునేరు పొంగి కీసరకి దగ్గర్లోని ఐతవరం వద్ద హైవే మీదకి నీళ్లొచ్చాయి, రాకపోకలు ఆగిపోయాయి. ఆ రోజు ఆగిన కార్లలో ఏ లోపమూ లేదు, ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ కూడా ఉంది. దారే మూసుకుపోయింది. అక్కడ ఫాస్టాగ్ రీచార్జ్ చేసుకుంటూ కూర్చుంటే ఎలా ఉంటుందో, నెట్‌వర్క్ ఆపేసినప్పుడు పాస్‌వర్డ్ మార్చడం అలా ఉంటుంది.

ముందు చేయాల్సిన మూడు చిన్న పరీక్షలు

సెట్టింగ్స్ జోలికి పోకుండా రెండు నిమిషాల్లో అయ్యేవి ఇవి. ఒకటి, వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడండి, మొబైల్ డేటా మీద ఉంటే వైఫైకి మారండి. రెండు, అదే అకౌంట్‌ని క్రోమ్‌లోనో మరో బ్రౌజర్‌లోనో వెబ్‌మెయిల్‌గా ఓపెన్ చేయండి. మూడు, వీపీఎన్ ఉంటే ఆపేసి మళ్లీ ప్రయత్నించండి.

నెట్‌వర్క్ మార్చగానే పనిచేస్తే మీ పాస్‌వర్డ్, అకౌంట్, యాప్ మూడూ బాగానే ఉన్నట్టు. సమస్య దారిలో ఉంది. బ్రౌజర్‌లో కూడా లాగిన్ కాకపోతే అకౌంట్ వైపు చూడాలి. బ్రౌజర్‌లో వస్తూ, రెండు నెట్‌వర్క్‌ల మీదా యాప్‌లో రాకపోతే అప్పుడు యాప్ సెట్టింగ్స్ తీయండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీని దగ్గరే పొరబడతారు. "జీమెయిల్ యాప్‌లో బాగానే వస్తోంది, థండర్‌బర్డ్‌లోనే రావట్లేదు, కాబట్టి థండర్‌బర్డ్‌లో బగ్ ఉంది" అంటారు. జీమెయిల్ అకౌంట్‌ కోసం జీమెయిల్ యాప్ ఐమ్యాప్ అనే పద్ధతి వాడదు. అది గూగుల్ సొంత సింక్, మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్ట్ మీదుగానే పోతుంది. థండర్‌బర్డ్, ఫెయిర్‌ఈమెయిల్ లాంటివి 993 పోర్ట్ తట్టాలి. రెండూ ఒకే ఊరికి వెళ్లే వేర్వేరు దారులు. ఒకదాంట్లో ట్రాఫిక్ కదులుతోందంటే రెండోది తెరిచి ఉన్నట్టు కాదు.

పేరు దొరకలేదు అంటే

"హోస్ట్ నాట్ ఫౌండ్", "అనేబుల్ టు రిజాల్వ్ హోస్ట్" లాంటి మాటలు కనిపిస్తే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినట్టు. సగం సార్లు ఇది స్పెల్లింగే. జీమెయిల్‌కి మెయిళ్లు తెచ్చే సర్వర్ పేరు ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పంపే సర్వర్ పేరు ఎస్ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్. జోహోలో మన దేశంలో తెరిచిన అకౌంట్‌కి పేరు చివర సాధారణంగా డాట్ ఇన్ ఉండాలి, డాట్ కామ్ కాదు. ఏదో పాత ట్యుటోరియల్ చూసి డాట్ కామ్ అని పెడితే సర్వర్ దొరుకుతుంది గానీ మీ అకౌంట్ అక్కడ ఉండదు. అప్పుడు లాగిన్ ఫెయిల్ అని వస్తుంది, మళ్లీ మనం పాస్‌వర్డ్ మీదే పడతాం.

సొంత డొమైన్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. నందిగామలో ఒక పత్తి వ్యాపారి తన కంపెనీ పేరుతో డొమైన్ తీసుకుని దాని మీదే మెయిల్ పెట్టుకున్నాడనుకోండి. డొమైన్ రెన్యువల్ గడువు దాటితే వెబ్‌సైట్‌తో పాటు మెయిల్ కూడా పోతుంది. రెన్యువల్ రిమైండర్ కూడా ఆ మెయిల్‌కే వచ్చేలా పెట్టుకుంటే ఇక చెప్పేదేముంది! డొమైన్ రిజిస్ట్రేషన్‌లో ఇచ్చే కాంటాక్ట్ మెయిల్ ఎప్పుడూ వేరే సర్వీసులోది అయి ఉండాలి.

టైమ్డ్ అవుటా, రెఫ్యూజ్డా? తేడా ఉంది

ఈ రెండు మాటల్నీ మనం ఒకటే అనుకుని వదిలేస్తాం. నిజానికి ఇంతకన్నా మంచి క్లూ దొరకదు.

"కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే మీరు పంపిన పలకరింపు ఆ మెషిన్ దాకా చేరింది, అక్కడ ఆ పోర్ట్ దగ్గర వినేవాళ్లు ఎవరూ లేరని జవాబు తిరిగొచ్చింది. దారి బాగుంది. మీరు పెట్టిన పోర్ట్ నంబర్ తప్పు, లేదా సర్వర్‌లో ఆ సర్వీస్ ఆగి ఉంది. "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అంటే అసలు జవాబే లేదు. ఎక్కువగా మధ్యలో ఏదో ఫైర్‌వాల్ మీ ప్యాకెట్లని చప్పుడు లేకుండా పారేస్తోందన్నమాట. కాలేజీ, హాస్టల్ వైఫైల్లో ఇది మామూలే. వెబ్‌సైట్లకి కావాల్సిన 80, 443 పోర్ట్‌లు మాత్రం తెరిచి మిగతావన్నీ మూసేస్తారు. కీసరలో ఇంటి దగ్గర మొబైల్ డేటా మీద చక్కగా వచ్చిన మెయిళ్లు, కాలేజీ గేటు దాటి వైఫై పట్టుకోగానే ఆగిపోయేది ఇందుకే. మీ ఫోన్‌లో మార్చాల్సింది ఏమీ లేదు. వైఫై చూసేవాళ్లని 993, 465, 587 తెరవమని అడగండి. అది అయ్యేదాకా వెబ్‌మెయిల్ వాడుకోండి.

దీన్ని ల్యాప్‌టాప్‌లో ఖాయం చేసుకోవచ్చు. విండోస్ పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే కమాండ్ ఉంది. దాని పక్కన సర్వర్ పేరు, పోర్ట్ ఆప్షన్‌లో 993 ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. చివరి లైన్‌లో "టీసీపీ టెస్ట్ సక్సీడెడ్" దగ్గర ట్రూ వస్తే తలుపు తెరిచి ఉంది, ఫాల్స్ వస్తే మూసి ఉంది. లైనక్స్ వాడేవాళ్లు ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో నేరుగా సర్వర్‌ని పలకరించవచ్చు. గూగుల్ ఐమ్యాప్ సర్వర్ అయితే "జీఐమ్యాప్ రెడీ" అంటూ జవాబిస్తుంది. ఆ ఒక్క లైన్ కనిపించిందంటే మొదటి మూడు మెట్లూ దాటేసినట్టే. మిగిలింది లాగిన్.

సమస్య తిరగబడి, వైఫైలో వస్తూ మొబైల్ డేటాలో రాకపోతే? జియో నెట్‌వర్క్ ఎక్కువగా ఐపీవీ6 మీద నడుస్తుంది. చిన్న హోస్టింగ్ సర్వర్లకి కొన్నిసార్లు పాత, తప్పు ఐపీవీ6 అడ్రస్ రికార్డుల్లో మిగిలిపోయి ఉంటుంది. ఫోన్ ముందు అక్కడికెళ్లి ఎదురుచూస్తుంది. ఇలా అనిపిస్తే హోస్టింగ్ వాళ్లతో ఆ రికార్డు సరిచేయించాలి.

465, 587 గొడవ

మెయిల్ పంపే పోర్ట్‌ల విషయంలో ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా రెండు వాదనలు కనిపిస్తాయి. ఒకరు 465 పాతదంటారు, ఇంకొకరు అదే వాడమంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. 1997లో 465ని ఎన్‌క్రిప్షన్‌తో మెయిల్ పంపడానికి కేటాయించారు, కొంతకాలానికే వెనక్కి తీసుకున్నారు. 1998 డిసెంబర్‌లో 587 వచ్చింది. కానీ సర్వర్లు 465ని వదల్లేదు. చివరికి 2018 జనవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8314 ప్రమాణం దాన్ని మళ్లీ అధికారికం చేసి, మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్ ఉండే ఈ పద్ధతికే ఓటేసింది. ఈ రోజు రెండూ పనిచేస్తాయి. 25 మాత్రం పెట్టకండి. అది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్ట్, స్పామ్ భయంతో చాలా ఇంటర్నెట్ కంపెనీలు దాన్ని మూసేస్తాయి.

అసలు తంటా నంబర్‌తో కాదు, నంబర్ పక్కన ఎంచుకునే సెక్యూరిటీతో. 993, 465 అయితే "ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్". 143, 587 అయితే "స్టార్ట్‌టీఎల్ఎస్". మొదటి రకంలో ఫోన్ వెళ్లగానే ఎన్‌క్రిప్షన్ మాటలు మొదలుపెట్టాలి. రెండో రకంలో సర్వర్ ముందు మామూలుగా పలకరిస్తుంది, తర్వాత ఎన్‌క్రిప్షన్‌లోకి మారతారు.

తారుమారు చేస్తే ఏమవుతుందో చూడండి. 465 పెట్టి స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకుంటే సర్వర్ పలకరిస్తుందని ఫోన్ ఎదురుచూస్తుంది, ఫోన్ మొదలుపెడుతుందని సర్వర్ ఎదురుచూస్తుంది. మీరు ముందంటే మీరు ముందని గుమ్మం దగ్గరే నిలబడిపోయిన చుట్టాల్లాగా ఇద్దరూ మౌనం. కాసేపటికి టైమ్డ్ అవుట్. ఫైర్‌వాల్ అనుకుని మోసపోయేది ఇక్కడే. పోర్ట్ పరీక్షలో ట్రూ వచ్చి, యాప్‌లో టైమ్డ్ అవుట్ అయితే ముందుగా ఈ జతనే అనుమానించండి. దీనికి తిరగేసి, అంటే 587తో ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ పెడితే వెంటనే ఎర్రర్ వస్తుంది, "రాంగ్ వెర్షన్ నంబర్" లాంటి అర్థంకాని మాటతో. ఏ వెర్షనూ తప్పు కాదు. జత తప్పు.

సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే "యాక్సెప్ట్ ఆల్" నొక్కకండి

ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. కొన్ని మెయిల్ యాప్‌ల సెట్టింగ్స్‌లో "అన్ని సర్టిఫికెట్లనూ ఆమోదించు" అనే ఆప్షన్ ఉంటుంది. అది నొక్కితే చాలాసార్లు మెయిళ్లు టకటకా దిగుతాయి, అందుకే వీడియోల్లో దాన్ని చిట్కాగా చెబుతుంటారు. సర్టిఫికెట్ అంటే సర్వర్ చూపించే గుర్తింపు కార్డు. ఎవరొచ్చినా కార్డు చూడొద్దని చెప్పేశాక, బస్టాండ్ వైఫైలో ఎవడైనా మధ్యలో కూర్చుని "నేనే మీ మెయిల్ సర్వర్" అంటే ఫోన్ మీ పాస్‌వర్డ్ చేతిలో పెట్టేస్తుంది. మెయిల్ పోతే దాంతో రీసెట్ అయ్యే అకౌంట్లన్నీ పోయినట్టే.

హెచ్చరిక ఎందుకొచ్చిందో చూడండి. ఫోన్ తేదీ తప్పుగా ఉందేమో ముందు చూసుకోవాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చి లేచిన పాత ఫోన్లలో తేదీ వెనక్కి పోతుంది, అప్పుడు మంచి సర్టిఫికెట్ కూడా చెల్లనట్టే కనిపిస్తుంది. తేదీ సరిగ్గా ఉంటే సర్టిఫికెట్ మీద ఎవరి పేరుందో చదవండి. షేర్డ్ హోస్టింగ్‌లో మీరు మీ డొమైన్ పేరుతో సర్వర్ పెడతారు, సర్టిఫికెట్ మాత్రం హోస్టింగ్ కంపెనీ సర్వర్ పేరు మీద ఉంటుంది. అలాంటప్పుడు హోస్టింగ్ వాళ్లు ఇచ్చిన సర్వర్ పేరునే యాప్‌లో పెడితే సరిపోతుంది.

పాత ఫోన్ల సంగతి వేరే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లని చిన్న సర్వర్లు ఎన్నో వాడతాయి. దాన్ని పాత ఫోన్లు నమ్మడానికి ఆధారమైన ఒక రూట్ సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30తో అయిపోయింది. పాత ఆండ్రాయిడ్‌ల కోసం చేసిన సర్దుబాటు కూడా 2024 సెప్టెంబర్‌తో ముగిసింది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్‌ని షాపు మెయిల్ కోసం పక్కన పెట్టుకున్నవాళ్లకి హఠాత్తుగా సర్టిఫికెట్ ఎర్రర్లు మొదలైతే ఇదొక కారణం. కొత్త రూట్‌ని తనతోనే తెచ్చుకునే ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్ దొరికితే వెబ్‌మెయిల్ నడుస్తుంది గానీ, అసలు మందు ఫోన్ మార్చడమే.

కంప్యూటర్‌లో అయితే యాంటీవైరస్ కూడా ఇదే పని చేస్తుంది. మెయిల్‌ని స్కాన్ చేయడానికి మధ్యలో దూరి తన సొంత సర్టిఫికెట్ చూపిస్తుంది. థండర్‌బర్డ్ దాన్ని ఒప్పుకోకపోవచ్చు. యాంటీవైరస్‌లో మెయిల్ స్కానింగ్ ఒక్కటి ఆపి చూడండి, యాంటీవైరస్ మొత్తం తీసేయనక్కర్లేదు.

పాస్‌వర్డ్ కరెక్టే, అయినా తీసుకోదు

ఇప్పుడు వచ్చాం అసలు లాగిన్ దగ్గరికి. "అథెంటికేషన్ ఫెయిల్డ్" లేదా 535 అనే నంబర్ కనిపిస్తే నాలుగో మెట్టు దాకా వచ్చేశారు, దారి అంతా బాగానే ఉంది.

2021 ఫిబ్రవరిలో టోల్ ప్లాజాల్లో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక మీ జేబులోని నోటు దొంగనోటు అయిపోలేదు కదా, ఆ లేన్‌లో ఇచ్చే పద్ధతి మారింది. మెయిల్‌లో జరిగిందీ అదే. గూగుల్ 2022 మే 30 నుంచి బయటి యాప్‌లలో మామూలు పాస్‌వర్డ్ తీసుకోవడం ఆపేసింది. మైక్రోసాఫ్ట్ వ్యక్తిగత ఔట్‌లుక్, హాట్‌మెయిల్ అకౌంట్లకి 2024 సెప్టెంబర్ 16 నుంచి అదే పని చేసింది. ఇప్పుడు యాప్ మిమ్మల్ని గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ లాగిన్ పేజీకి తీసుకెళ్లి, అక్కడ మీరు ఒప్పుకున్నాక ఒక టోకెన్ తీసుకుంటుంది. దీన్నే ఓఆత్ అంటారు. థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో అథెంటికేషన్ దగ్గర "నార్మల్ పాస్‌వర్డ్" ఉంటే "ఓఆత్2"కి మార్చండి. మెయిళ్లు తెచ్చే సర్వర్‌కీ, పంపే సర్వర్‌కీ రెండు చోట్లా మార్చాలి.

మీ యాప్‌కి ఓఆత్ తెలియకపోతే, జీమెయిల్‌కి యాప్ పాస్‌వర్డ్ ఉంది: టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసుకున్నాక గూగుల్ ఇచ్చే 16 అక్షరాలు. ఒక సంగతి గుర్తుంచుకోండి: గూగుల్ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ మారిస్తే యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. కనెక్ట్ కాలేదని కంగారులో పాస్‌వర్డ్ మార్చినవాళ్లకి అప్పటిదాకా పనిచేస్తున్న రెండో ల్యాప్‌టాప్ కూడా ఆగిపోవడానికి కారణం ఇదే. పాత వీడియోలు చూసి జీమెయిల్ సెట్టింగ్స్‌లో "ఎనేబుల్ ఐమ్యాప్" కోసం వెతకొద్దు. 2025 జనవరి నుంచి వ్యక్తిగత అకౌంట్లలో ఆ ఆప్షన్ తీసేశారు, ఐమ్యాప్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. కాలేజీ ఇచ్చిన మెయిల్ వేరే. అక్కడ ఐమ్యాప్ ఉండాలా వద్దా అన్నది అడ్మిన్ చేతిలో ఉంటుంది, మీ ఫోన్‌లో ఏం తిప్పినా లాభం లేదు.

వస్తున్నాయి గానీ పోవట్లేదు

తెచ్చేది ఐమ్యాప్, పంపేది ఎస్ఎంటీపీ. రెండు సర్వర్లు, రెండు లాగిన్లు. ఇన్‌బాక్స్ నిండుతోందంటే పంపే వైపు బాగుందని కాదు, అందుకే ముఖ్యమైన మెయిల్ పంపాక "సెంట్"లో ఉందా "ఔట్‌బాక్స్"లో ఉందా చూడటం అలవాటు చేసుకోండి. ఎస్ఎంటీపీ సెట్టింగ్స్‌లో "లాగిన్ అవసరం" అనే టిక్ లేకపోతే సర్వర్ మిమ్మల్ని దారిన పోయే దానయ్య అనుకుని 550 ఎర్రర్ కొడుతుంది. రెజ్యూమెతో పాటు ప్రాజెక్ట్ వీడియో కూడా జోడించినప్పుడు సైజు చూసుకోండి. మెయిల్‌లో అటాచ్‌మెంట్ ప్రయాణం కోసం మూడింట ఒక వంతు ఉబ్బుతుంది. 18 ఎంబీ ఫైల్ దారిలో 24 ఎంబీ అవుతుంది. 20 ఎంబీ పరిమితి ఉన్న హోస్టింగ్ సర్వర్ దాన్ని తిప్పికొడుతుంది.

ఉదయం వచ్చి మధ్యాహ్నానికి ఆగిపోయే రకం ఇంకోటి. ఫోన్ సర్వర్‌తో కనెక్షన్ తెరిచి పట్టుకుని కొత్త మెయిల్ కోసం వింటూ ఉంటుంది, దాన్ని కనీసం 29 నిమిషాలకోసారి తిరిగి పలకరించాలని నియమం. షావోమీ, రియల్‌మీ లాంటి ఫోన్ల బ్యాటరీ సేవర్ యాప్‌ని నిద్రపుచ్చితే ఆ పలకరింపు ఉండదు. బ్యాటరీ సెట్టింగ్స్‌లో మెయిల్ యాప్‌కి "నో రిస్ట్రిక్షన్స్" ఇచ్చి, ఆటోస్టార్ట్ ఆన్ చేయండి. ఫోన్, ట్యాబ్, రెండు ల్యాప్‌టాప్‌లు అన్నిట్లో ఒకే జీమెయిల్ పెట్టుకున్నవాళ్లకి "టూ మెనీ కనెక్షన్స్" రావచ్చు. జీమెయిల్ ఒక అకౌంట్‌కి ఒకేసారి 15 ఐమ్యాప్ కనెక్షన్లే ఇస్తుంది, థండర్‌బర్డ్ ఒక్కటే మామూలుగా ఐదు దాకా తీసుకుంటుంది.

అకౌంట్ తీసి మళ్లీ పెట్టే ముందు

అకౌంట్ టైప్ ఏంటో చూడండి. ఐమ్యాప్ అయితే మెయిళ్లు సర్వర్‌లో ఉంటాయి, ఔట్‌బాక్స్‌లో పంపకుండా ఉన్నవాటిని మాత్రం కాపీ చేసుకుంటే చాలు. పాప్3 అయితే ఆగండి. సర్వర్‌లో కాపీ ఉంచకుండా దించుకునేలా పెట్టి ఉంటే ఆ మెయిళ్లు మీ మెషిన్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. అకౌంట్ తీసేస్తే ఏళ్ల నాటి బిల్లులు, ఆఫర్ లెటర్లు దాంతోనే పోతాయి. జగ్గయ్యపేట సిమెంట్ డీలర్ల ఆఫీసుల్లో కావచ్చు, మీ ఇంట్లో నాన్నగారి పాత డెస్క్‌టాప్‌లో కావచ్చు, పదేళ్ల కిందట పెట్టిన మెయిల్ అకౌంట్ అయితే పాప్3 అయ్యే అవకాశమే ఎక్కువ. ముందు వెబ్‌మెయిల్ తెరిచి పాత మెయిళ్లు అక్కడ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ప్రోగ్రామ్ డేటా ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాకే చెయ్యి పెట్టండి.

ఇవన్నీ చూశాక తప్పు సర్వర్ వైపు ఉందని తేలితే, సపోర్ట్‌కి "మెయిల్ పనిచేయట్లేదు" అని రాయకండి. ఆ మెయిల్ మరో అకౌంట్ నుంచి పంపుతూ ఇవి రాయండి: సర్వర్ పేరు, పోర్ట్, సెక్యూరిటీ రకం, ఎర్రర్‌లో ఉన్న మాట యథాతథంగా, ఎన్ని గంటలకి వచ్చింది, ఏ నెట్‌వర్క్ మీద వచ్చింది, ఏ నెట్‌వర్క్ మీద రాలేదు. పాస్‌వర్డ్ మాత్రం రాయొద్దు, వాళ్లు అడిగినా సరే.